ఎడమ చెయ్యి

శుక్రవారం రాత్రి భాగం వస్తుంది.
శనివారం ఆరింటి బ్యాచ్‌కి
సోంపేట ఆస్పత్రి డయాలసిస్ గదిలో
సూది దిగకముందే మాట మొదలవుతుంది.

"సావనేదర్రా మళ్ళీ!"
మూడో కుర్చీలోంచి దుంపల దండాసి.
చావనిది మృతకేతు.
గుండెలో బల్లెం దిగినా, కోట కూలి మీద పడ్డా
పై వారానికి బూడిదరంగు మొహంతో లేచొచ్చే దొర.
ఆ రంగు మాకు కొత్త కాదు.
పొద్దున్నే అద్దంలో చూసుకుని వచ్చిందే.

నాలుగు గంటలు.
రక్తం గొట్టంలో బయటికెళ్ళి
ఊరు చూసొచ్చినట్టు తిరిగొచ్చేదాకా
ఏదో ఒకటి తేల్చాలి కదా మనిషి.

బారువ ఊర్మిళది పాత పద్ధతి:
వాడి ప్రాణం వాడి దగ్గర లేదు,
సముద్రం అడుగున శంఖంలో ఉంది.
"ఏ సముద్రమే?" అంటే
"మాదే. ఎప్పుడో వలకి తగుల్తాది.
ఎవుడూ అమ్మీకుండా సూసుకోవాల."

ఢిల్లేశ్వర్రావు కొబ్బరికాయల లెక్కలు రాసినోడు,
దేనికైనా పద్దు ఉండాలి.
మొదటి భాగంలో కోట నూతి దగ్గర
ముసలమ్మ చేదిపోసిన నీళ్ళు ఎవరెవరు తాగారో
వేళ్ళ మీద చెప్తాడు.
"తాగినోళ్ళంతా అటేపే పోనారు.
ఈడు నూతికి కాపలా కాత్తన్నాడ్రా.
తాగొద్దని కత్తి దూసినోడు దుర్మార్గుడెలాగవుతాడు?"
కాసేపు ఎవరూ మాట్లాడం.
ఏ నూతి గురించి మాట్లాడుకుంటున్నామో
పోల్చుకోడానికి కొంచెం టైం పడుతుంది.

మా నూతుల్లోంచీ సీసాల్లో పట్టుకెళ్ళారు.
నీళ్ళు, మట్టి, తోటల్లో కొట్టే మందులు,
నొప్పి బిళ్ళలు, చివరికి మా ఎండుచేప,
అన్నిటి మీదా తలో ఊహ.
ఆఖర్న వచ్చినాయన కారెక్కుతూ
"ఇంకా పరిశోధన జరగాలి" అన్నాడు.
తరువాయి వచ్చే సీజన్‌లో.

అసలు సంగతి పట్టింది దండాసి మనవరాలు లిఖిత.
ఇంటర్ రెండో ఏడు, తాతకి తోడొస్తుంది.
ఫోన్లో బొమ్మ ఆపి, వెనక్కి లాగి, మళ్ళీ ఆపి,
"తాతా, మూడు సీజన్లు. ఎడమ చెయ్యి ఒక్కసారీ చూపలేదు.
పట్టాభిషేకంలో కూడా శాలువా కిందే."
ఇంకాసేపటికి,
"నీళ్ళు తాగడు చూడు. విందులో గ్లాసు ఎత్తుతాడు, దించేస్తాడు."
ఇంకాసేపటికి, నెమ్మదిగా,
"రోజు విడిచి రోజు మాయమైపోతాడు కదా, ఎక్కడికో?"

గదంతా తన ఎడమ చేతి వైపు చూసుకుంది.
మోచేతి లోపల తాడులా ఉబ్బిన నరం,
చెవి ఆనిస్తే కందిరీగల గూడులా గుయ్యిమనే చోటు.
ముందు నవ్వింది సిస్టర్ పద్మావతి.
ఆ వెనక అందరం. రెండు మిషన్లు బెదిరి కూతపెట్టాయి.

"మనోడేరా!"

అప్పట్నుంచి మా కథ వేరు.
అంత సైన్యం, అంత శాపం, అంత చీకటి ఉండీ
పాపం, ఏ కొండ గుహలోనో
కుర్చీ ఖాళీ అయ్యేదాకా వరసలో నిలబడి,
కొబ్బరితోటల మధ్య పుట్టి
కొబ్బరినీళ్ళ మీద మనసు చంపుకుని...
కోపం రాదేటి మనిషికి?
నేనైతే రెండు రాజ్యాలు తగలెట్టేద్దును.

చివరి భాగం దండాసి చూడలేదు.
మంగళవారం రాలేదు.
గురువారం మూడో కుర్చీలో
కంచిలి నుంచి ఎవరో కుర్రాడు, పెళ్ళయి ఏడాదట.

శుక్రవారం యువరాణి మృతకేతు తల తీసింది.
బూడిదై గాల్లో కలిశాడు.
శనివారం పొద్దున్న ఎవరమూ ముందు నోరు విప్పలేదు.
ఆ కుర్రాడే, సూది వైపు చూడలేక గోడ వైపు చూస్తూ,
"అందులో ఆ దొర... నిజంగా పోయాడంటారా?" అన్నాడు.

ఢిల్లేశ్వర్రావు తలకింద దిండు సర్దుకున్నాడు.
"బూడిదైతే సూపించారు గానీ బాబూ,
సెయ్యి సూపించారేటి?
ఇటు తిరుగు. మొదట్నుంచీ సెప్తాను.
ఇంకా మూడు గంటల నలబై నిమిషాలుంది."